బిడ్డకు చుక్కలేస్తే తల్లికి చిక్కా?
ఇంట్లో ఒకరికి రోగ నిరోధక శక్తి తగ్గినప్పుడు పిల్లల టీకాల సంగతి - రెండు వందల ఏళ్ళ కథ

మొన్న శుక్రవారం మధ్యాహ్నం. మెస్‌లో భోజనాలు ముగించి అందరం మంచాల మీద నడుం వాల్చే వేళ. పక్క గదిలో ఉండే జగిత్యాల తమ్ముడొకడు ఫోన్ చేతిలో పట్టుకుని వచ్చి నా మంచం అంచున కూర్చున్నాడు. మొహంలో కళ లేదు.

"అన్నా, ఒక ముచ్చట అడగాలె. మా పాపకు ఏడాదిన్నర నిండింది. టీకాలేసే టైమొచ్చిందని నర్సమ్మ కబురు పంపిందట. మా ఆమెకేమో ఆర్నెల్ల కింద కిడ్నీ మార్చిండ్రు. పాపకు చుక్కలేస్తే తల్లికి ముప్పని పక్కింటోళ్ళు భయపెడుతున్నరు. అసలు ఏ టీకా ఏయించొద్దంటున్నరు. ఏయించకుంటే పాపకేమైతదో? నేనేమో ఈడున్న. ఏం జెప్పాలె?"

గదిలో వెంటనే రెండు పార్టీలు తయారయ్యాయి. "చుక్కల మందు కోట్ల మంది పిల్లలకేశారు, ఏ తల్లికి ఏమైంది? పిచ్చి మాటలు వినకు" అన్నాడు రాజమండ్రి పెద్దాయన. "తల్లి ప్రాణం కంటే టీకా ఎక్కువనా?" అన్నాడు నిజామాబాద్ డ్రైవరన్న. సాయంత్రం టీ దాకా వాదన తెగలేదు.

నిజానికి ఇద్దరి మాటలోనూ సగం సగం నిజముంది. ఆ సగాలు ఎక్కడి నుంచి వచ్చాయో తెలిస్తే ఏం చేయాలో కూడా తెలుస్తుంది. అందుకే ఈ వారం ఈ కథ.

బస్రా ఓడలో వచ్చిన టీకా

టీకాలు రెండు రకాలు. చంపేసిన క్రిమితోనో, దాని ముక్కతోనో చేసేది ఒక రకం. క్రిమిని బతికుండగానే బలహీనపరిచి ఇచ్చేది రెండో రకం. దీన్నే సజీవ టీకా, లైవ్ వ్యాక్సిన్ అంటారు. లోకంలో మొదట పుట్టింది ఈ రెండో రకమే.

1796లో ఇంగ్లండులో ఎడ్వర్డ్ జెన్నర్ అనే వైద్యుడు, పాలు పితికే అమ్మాయి చేతి మీది ఆవు మశూచి పొక్కు నుంచి రసి తీసి ఎనిమిదేళ్ళ బాలుడికి అంటించాడు. ఆ పిల్లవాడికి తర్వాత అసలు మశూచి అంటలేదు. అప్పట్లో ఐస్ పెట్టెలు లేవు, ఫ్రిజ్‌లు లేవు. టీకాను సీసాలో దూరాలకు పంపితే పాడైపోయేది. అందుకని ఒకరి చేతి మీద పొక్కు పొంగగానే అందులోని రసిని ఇంకొకరి చేతికి అంటించేవారు. అలా చేతి నుంచి చేతికి, ఊరి నుంచి ఊరికి టీకా నడిచింది.

మన దేశానికి అది ఎటు నుంచి వచ్చిందో తెలుసా? బాగ్దాద్ మీదుగా బస్రా చేరి, అక్కడి నుంచి ఓడలో, మనం ఇప్పుడు విమానంలో దాటి వచ్చే ఈ గల్ఫ్ నీళ్ళ మీదుగానే బొంబాయి వెళ్ళింది. 1802 జూన్‌లో బొంబాయిలో మూడేళ్ళ పాపకు వేశారు. మన దేశంలో మశూచి టీకా పట్టిన మొదటి బిడ్డ ఆమే. ఆమె చేతి నుంచి మిగతా పిల్లలకు, అక్కడి నుంచి మద్రాసుకు, సిలోనుకు వెళ్ళింది.

ఒకరి నుంచి ఇంకొకరికి పాకడమే ఆ టీకాకు బలం. అదే దాని బలహీనత కూడా. ఒంటి మీద తామర ఉన్నవారికి ఆ టీకా పడేది కాదు. ఒళ్ళంతా పుండ్లై ప్రాణం మీదికి వచ్చేది. టీకా వాళ్ళకు వేయకపోయినా, ఇంట్లో మరొకరికి వేస్తే ఆ పొక్కు తాకి వీళ్ళకు అంటేది. అందుకని ఇంట్లో ఎవరికైనా తామర ఉంటే మిగతావారికి కూడా మశూచి టీకా ఆపమని వైద్యులు చెప్పేవారు. టీకా వేసే ముందు ఆ మనిషినే కాదు, ఆ ఇంటినీ చూడాలనే మాట అలా మొదలైంది.

ఇది ఎంత నిజమో ఈ మధ్యనే మళ్ళీ తెలిసింది. 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మశూచి పోయిందని ప్రకటించాక ఆ టీకా మామూలు జనానికి ఆపేశారు. అమెరికా సైనికులకు మాత్రం 2002 చివర్లో మళ్ళీ వేయడం మొదలుపెట్టారు. 2007లో టీకా వేయించుకున్న ఒక సైనికుడు ఇంటికి వెళ్ళాడు. రెండేళ్ళ కొడుక్కి తామర ఉంది. తండ్రి నుంచి బిడ్డకు టీకా వైరస్ అంటి ఒళ్ళంతా పొక్కులొచ్చాయి. తల్లికీ కొన్ని వచ్చాయి. చికాగోలో వారాల తరబడి చికిత్స చేసి ఆ బాబును బతికించారు.

ఇద్దరు శాస్త్రజ్ఞులు, రెండు పోలియో మందులు

ఇక అసలు కథ పోలియోది. 1949లో బోస్టన్‌లో జాన్ ఎండర్స్, ఇద్దరు సహచరులు పోలియో వైరస్‌ను ప్రయోగశాలలో, నరాలు కాని కణజాలంలో కూడా పెంచవచ్చని చూపించారు. 1954లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది. వైరస్‌ను పెంచడం తెలిశాక టీకా చేయడానికి దారి దొరికింది.

మొదట గెలిచింది జోనాస్ సాక్. ఆయన ఫార్మాలిన్‌తో వైరస్‌ను చంపి సూది మందు చేశాడు. 1954లో అమెరికాలో సుమారు 18 లక్షల మంది పిల్లలతో పరీక్ష జరిగింది. 1955 ఏప్రిల్ 12న మందు పనిచేస్తోందని ప్రకటించారు. చర్చి గంటలు మోగించి పండుగ చేసుకున్నారు.

పండుగ రెండు వారాలైనా నిలవలేదు. ఒక కంపెనీ చేసిన కొన్ని బ్యాచ్‌లలో వైరస్ పూర్తిగా చావలేదు. సుమారు 200 మందికి పక్షవాతం వచ్చింది. 10 మంది చనిపోయారు. వీరిలో సగానికి పైగా టీకా వేయించుకున్న పిల్లలు కాదు. వారి ఇంటివారు, ఇరుగుపొరుగువారు! బిడ్డ కడుపులో పెరిగిన వైరస్ మలం ద్వారా, చేతుల ద్వారా తల్లిదండ్రులకు చేరుతుందని అప్పుడు అందరికీ అర్థమైంది. తర్వాత తయారీలో జాగ్రత్తలు పెంచారు. ఇవాళ్టి సూది మందులో బతికున్న వైరస్ ఉండదు.

రెండో ఆయన ఆల్బర్ట్ సేబిన్. ఆయన వైరస్‌ను చంపలేదు, బలహీనపరిచాడు. నోట్లో వేస్తే చాలు. 1959లో సోవియట్ యూనియన్‌లో మిఖాయిల్ చుమకోవ్ అనే శాస్త్రజ్ఞుడు ఈ చుక్కల మందును కోటి మందికి పైగా ఇచ్చి చూపించాడు. అమెరికా, రష్యా ఒకదాన్నొకటి నమ్మని రోజుల్లో ఈ ఒక్క పనిలో రెండు దేశాల శాస్త్రజ్ఞులు చేయి కలిపారు. 1960ల మొదట్లో అమెరికా కూడా ఈ చుక్కలకు మారింది.

చుక్కల మందు గొప్పతనం ఏమిటంటే, అది చవక. సూది అక్కరలేదు, చదువుకున్న నర్సు అక్కరలేదు. పేగుల్లోనే రక్షణ పుట్టిస్తుంది కాబట్టి అసలు పోలియో వైరస్ ఒకరి నుంచి ఒకరికి వెళ్ళే దారిని మూసేస్తుంది. ఇంకో లాభం కూడా ఉంది. టీకా వేసిన బిడ్డ మలంలో కొన్ని వారాల పాటు బలహీన వైరస్ బయటికి వస్తుంది. మరుగుదొడ్లు సరిగా లేని బస్తీలో ఇది పక్కింటి పిల్లలకు చేరి వాళ్ళకూ రక్షణ ఇస్తుంది. ఒకరికి వేస్తే ఇద్దరికి పనిచేసినట్టు! వైద్యులు దీన్ని వరం అనుకున్నారు. చాలా వరకు వరమే.

కానీ ఆ బలహీన వైరస్ చేరిన ఇంట్లో, దాన్ని తరిమేసే శక్తి లేని మనిషి ఉంటే?

ఆ మనుషులు ఎక్కడి నుంచి వచ్చారు?

పాత కాలంలో ఈ ప్రశ్న పెద్దగా లేదు. రోగ నిరోధక శక్తి బాగా తగ్గినవారు ఎక్కువ కాలం బతికేవారే కాదు. 1952లో అమెరికాలో ఆగ్డెన్ బ్రూటన్ అనే సైనిక వైద్యుడు మాటిమాటికీ జబ్బు పడుతున్న ఎనిమిదేళ్ళ బాలుడి రక్తం పరీక్షించాడు. క్రిములతో పోరాడే యాంటీబాడీలు అందులో లేనే లేవు. అతనికి వాటిని సూది ద్వారా ఇచ్చి కాపాడాడు. పుట్టుకతోనే ఇలాంటి లోపం ఉంటుందని లోకానికి అప్పుడే స్పష్టమైంది.

తర్వాత మందులు పెరిగాయి. 1954లో బోస్టన్‌లో కవల సోదరుల మధ్య కిడ్నీ మార్పిడి జరిగింది. కవలలు కానివారి కిడ్నీ నిలవాలంటే ఒంట్లోని రోగ నిరోధక శక్తిని మందులతో తగ్గించాలి. లేకపోతే కొత్త కిడ్నీని పరాయిదనుకుని శరీరమే చంపేస్తుంది. 1960ల్లో అలాంటి మందులు వచ్చాయి. మన దేశంలో 1971లో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో కిడ్నీ మార్పిడి విజయవంతమైంది. చిత్తూరు, కడప వాళ్ళకు ఆ ఆసుపత్రి గురించి చెప్పనక్కరలేదు. క్యాన్సర్ మందులు, కీళ్ళవాతానికి స్టెరాయిడ్లు కూడా ఈ శక్తిని తగ్గించేవే. 1981లో ఎయిడ్స్ బయటపడింది. 1986లో మద్రాసులో మన దేశపు మొదటి హెచ్ఐవీ కేసులు దొరికాయి.

అంటే జరిగిందేమిటి? ఒకప్పుడు చనిపోయేవారు ఇప్పుడు మందులతో బతికి, ఇంటికి వచ్చి, పిల్లలను ఎత్తుకుని పెంచుతున్నారు. ఇది వైద్యం సాధించిన గెలుపు. కాకపోతే, రోగ నిరోధక శక్తి తగ్గిన తల్లీ, బతికున్న వైరస్‌తో చేసిన టీకా వేసుకున్న బిడ్డా ఒకే మంచం మీద పడుకునే రోజు వచ్చింది.

పన్నెండేళ్ళు దాగిన వైరస్

అమెరికాలో అసలు పోలియో వ్యాప్తి 1979తో ఆగిపోయింది. కానీ ఆ తర్వాత కూడా ఏటా సగటున 8 లేక 9 మందికి పోలియో వస్తూనే ఉంది. అది చుక్కల మందు వైరస్ వల్లే. లెక్క చూస్తే 24 లక్షల డోసులకు ఒకరు. కొందరు టీకా వేసుకున్న పిల్లలు, కొందరు వారిని సాకిన పెద్దవాళ్ళు. 1979లోనే న్యూయార్క్ నగరంలో ఒక తండ్రికి చంటి కూతురి చుక్కల మందు వైరస్ సోకి కాళ్ళు పడిపోయాయి. ఆయన టీకా కంపెనీ మీద వేసిన కేసు 30 ఏళ్ళు నడిచింది. 2009లో జ్యూరీ 2 కోట్ల 25 లక్షల డాలర్లు ఇవ్వమంది.

ఇలాంటివి చూశాకే నిపుణులు, ఇంట్లో రోగ నిరోధక శక్తి తగ్గినవారుంటే పిల్లలకు చుక్కలు కాకుండా సూది మందే వేయాలని రాసిపెట్టారు. 1997లో అమెరికా మొదటి రెండు డోసులు సూది, తర్వాతివి చుక్కలు అనే పద్ధతికి మారింది. 2000 నుంచి చుక్కలు పూర్తిగా ఆపేసింది.

అక్కడితో కథ అయిపోయిందనుకున్నారు. 2008 డిసెంబరులో మిన్నెసోటా రాష్ట్రంలో 44 ఏళ్ళ తల్లికి కాళ్ళు చేతులు బలహీనపడ్డాయి. ఆమెకు ఎప్పటి నుంచో యాంటీబాడీల లోపం ఉంది. యాంటీబాడీలు ఎక్కించుకుంటూ ఉండేది. పరీక్షిస్తే పోలియో! దేశంలో చుక్కలే లేనప్పుడు టీకా వైరస్ ఎక్కడి నుంచి వచ్చింది?

వైరస్ పెరిగే కొద్దీ దాని జన్యువుల్లో చిన్న చిన్న మార్పులు వస్తుంటాయి. ఏటా ఇన్ని అని దాదాపు ఒక లెక్క ఉంటుంది. చెట్టు మొద్దులో వలయాలు లెక్కపెట్టి వయసు చెప్పినట్టు, ఆ మార్పులు లెక్కపెట్టి వైరస్ వయసు చెప్పవచ్చు. లెక్కేస్తే సుమారు 12 ఏళ్ళు వచ్చింది. పాత రికార్డులు తీస్తే, సరిగ్గా ఆ కాలంలోనే ఆమె బిడ్డకు పోలియో చుక్కలు వేశారు. బిడ్డ ఒంట్లో కొన్ని వారాల్లో పోయిన వైరస్, తల్లి కడుపులో పన్నెండేళ్ళు నిలిచిపోయింది. 2009లో ఆమె చనిపోయింది. ఆమె నుంచి మరెవరికీ సోకినట్టు కనబడలేదు.

బ్రిటన్‌లో ఇంకో మనిషి ఉన్నాడు. చిన్నప్పుడు తాను వేయించుకున్న చుక్కల వైరస్‌ను 28 ఏళ్ళ పాటు విసర్జిస్తూ ఉన్నాడని 2015లో శాస్త్రజ్ఞులు రాశారు. అతనికి మాత్రం పక్షవాతం రాలేదు. ఇలా ఏళ్ళ తరబడి వైరస్ మోసినవారు లోకంలో బహు తక్కువ మంది. వాళ్ళలో దాదాపు అందరూ పుట్టుకతో యాంటీబాడీల లోపం ఉన్నవారే.

పక్కింటివాళ్ళ భయానికి మూలం ఇదీ. ఊహ కాదు, జరిగిందే. కానీ ఎంత అరుదో కూడా గుర్తుపెట్టుకోవాలి.

మరి మనం చుక్కలు ఎందుకు ఆపలేదు?

రాజమండ్రి పెద్దాయన మాటలోని సగం నిజం ఇక్కడుంది. 2009లో మన దేశంలో 741 మంది పిల్లలకు పోలియో వచ్చింది. ప్రపంచం మొత్తం మీద ఏ దేశంలోనూ అన్ని రాలేదు. 1995 నుంచి నడుస్తున్న పల్స్ పోలియో ఆదివారాలు మీకు గుర్తుండే ఉంటాయి. బడి దగ్గర, బస్టాండులో, రైల్వే స్టేషన్లో బూత్‌లు. ఎడమ చిటికెన వేలి గోరుకు సిరా. ఒక్కో విడతకు సుమారు 17 కోట్ల మంది పిల్లలకు, 20 లక్షలకు పైగా కార్యకర్తలు చుక్కలు వేశారు. సూదితో అది జరిగే పనేనా?

2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో ఒక పాపకు వచ్చినదే చివరి అసలు పోలియో కేసు. 2014 మార్చి 27న మన దేశాన్ని పోలియో లేని ప్రాంతంలో చేర్చారు. కర్రల మీద నడిచే పిల్లలను ప్రతి ఊళ్ళోనూ చూసిన తరం మనది. ఇప్పటి పిల్లలు అలాంటి తోటి పిల్లవాడిని చూడటం లేదంటే అది చుక్కల చలవే.

అసలు వైరస్ పోయాక చుక్కల్లోని వైరస్ సంగతి చూడాల్సిన సమయం వచ్చింది. 2015 నవంబరులో మన ప్రభుత్వం చుక్కలతో పాటు సూది మందు కూడా మొదలుపెట్టింది. చుక్కల్లో మూడు రకాల వైరస్ ఉండేది. వాటిలో రెండో రకం 2016 ఏప్రిల్‌లో ప్రపంచమంతా ఒకేసారి తీసేశారు. సూది మందు కొరత రావడంతో మామూలు డోసులో ఐదో వంతును చర్మంలోకి వేసే పద్ధతిని మన దేశం చేపట్టింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ దాన్ని మొదట్లోనే అందుకున్నాయి.

ఆ వెంటనే హైదరాబాద్‌కు పరీక్ష ఎదురైంది. 2016 జూన్‌లో నగరపు మురుగునీటి నమూనాలో, మార్పు చెందిన రెండో రకం టీకా వైరస్ దొరికింది. ఏ బిడ్డకూ జబ్బు రాలేదు. అయినా ఆగలేదు. జెనీవా నుంచి మందు తెప్పించి, హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లో సుమారు 3 లక్షల మంది పిల్లలకు వారం రోజుల్లో సూదులు వేశారు. టీకా వైరస్ మురుగులో తిరుగుతుందని, దానికి మందు మళ్ళీ టీకాయేనని మన రాజధానిలోనే తేలింది.

ఇప్పటికీ మన ఊళ్ళలో పుట్టినప్పటి నుంచి ఏడాదిన్నర దాకా పోలియో చుక్కలు వేస్తున్నారు. వాటితో పాటు 6 వారాలకు, 14 వారాలకు సూది కూడా ఉంది. 2023 నుంచి 9 నెలలకు మూడో సూది కలిపారు. కాబట్టి జగిత్యాల తమ్ముడి ప్రశ్న అమెరికాలో పాతబడినా మనకు పాతబడలేదు.

అన్ని టీకాలనూ ఒకే గాటన కట్టొద్దు

పక్కింటివాళ్ళు పొరబడింది ఇక్కడే. చుక్కల సంగతి విని 'అసలు ఏ టీకా వద్దు' అన్నారు. అది తల్లికి మేలు కాదు, కీడు.

తట్టు సంగతే చూడండి. తట్టు టీకా కూడా బతికున్న వైరస్‌దే. కానీ ఆ టీకా వైరస్ బిడ్డ నుంచి ఇంటివారికి అంటదు. అసలు తట్టు మాత్రం గాలిలో పాకుతుంది. రోగ నిరోధక శక్తి లేనివారిని అది ఏం చేస్తుందో 1959లోనే ఎండర్స్ బృందం చూసింది. ఒంటి మీద ఒక్క పొక్కు కూడా లేకుండా, ఊపిరితిత్తుల జబ్బుతో చనిపోయిన పిల్లలలో తట్టు వైరస్ దొరికింది. బ్రిటన్‌లో 1974 నుంచి 1984 వరకు నాలుగు ఆసుపత్రుల లెక్క తీశారు. రక్తం క్యాన్సర్ మొదటి చికిత్సకు లొంగి కోలుకుంటున్న దశలో చనిపోయిన 51 మంది పిల్లలలో 15 మందిని చంపింది క్యాన్సర్ కాదు, తట్టు. అలాంటివారికి సజీవ టీకా వేయకూడదు. చుట్టూ ఉన్నవారు వేయించుకోవడమే వారికి రక్ష. ఇంట్లో తల్లికి కిడ్నీ మార్పిడి జరిగితే పాపకు తట్టు టీకా తప్పకుండా వేయించాలనేది అందుకే.

ఆటలమ్మ టీకాను 1974లో జపాన్‌లో మిచియాకి తకహాషి తయారుచేశాడు. అంతకు పదేళ్ళ ముందు తన కొడుకు ఆటలమ్మతో పడిన బాధ చూసి ఆయన ఆ పనికి పూనుకున్నాడు. ఈ టీకా వైరస్ ఇంటివారికి అంటడం అతి కొద్ది సందర్భాల్లోనే కనబడింది. అదీ టీకా తర్వాత బిడ్డ ఒంటి మీద పొక్కులొస్తేనే. కాబట్టి వేయించవచ్చు. పొక్కులొస్తే అవి ఎండేదాకా తల్లి దూరంగా ఉండాలి, డాక్టరుకు చెప్పాలి.

విరేచనాలు రాకుండా వేసే రోటా వైరస్ చుక్కలు కూడా సజీవమైనవే. మన దేశంలో తయారైన రోటా టీకాకు మూలమైన వైరస్ ఢిల్లీ ఎయిమ్స్‌లో పుట్టిన పసికందుల నుంచి 1980ల్లో దొరికింది. టీకా తయారైంది హైదరాబాద్‌లో. 2016లో ప్రభుత్వం ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. దీన్నీ వేయించవచ్చు. టీకా తర్వాత కొన్ని వారాలు బిడ్డ మలం శుభ్రం చేసే పని వేరేవాళ్ళు చూసుకుంటే మంచిది. తప్పకపోతే సబ్బుతో చేతులు బాగా కడుక్కోవాలి.

బీసీజీ విషయం వేరు. 1908 నుంచి 1921 వరకు 13 ఏళ్ళు కాల్మెట్, గేరాన్ అనే ఇద్దరు ఫ్రెంచివారు క్షయ క్రిమిని 230 సార్లు మార్చి మార్చి పెంచి బలహీనపరిచారు. 1921లో పారిస్‌లో మొదట ఇచ్చింది, ప్రసవం కాగానే తల్లిని క్షయతో పోగొట్టుకున్న పసిబిడ్డకే. బీసీజీ బిడ్డ నుంచి తల్లికి అంటే భయం లేదు. కానీ తల్లి వాడిన మందు కడుపులో ఉండగా బిడ్డకు చేరితే? 2010లో బ్రిటన్ వైద్యులు ఒక విషాదం రాశారు. పేగుల జబ్బుకు ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే సూది మందును గర్భం పొడుగునా వాడిన తల్లికి పుట్టిన బిడ్డకు మూడో నెలలో బీసీజీ వేశారు. నాలుగున్నర నెలలకు, ఆ టీకా క్రిమి ఒళ్ళంతా పాకి బిడ్డ చనిపోయింది. ఆ మందు మాయ ద్వారా దాటి బిడ్డ ఒంట్లో నెలల తరబడి ఉంటుంది. అప్పటి నుంచి అలాంటి తల్లుల బిడ్డలకు సజీవ టీకాలు నెలల తరబడి ఆపమని సలహా ఇస్తున్నారు. మన దేశంలో బీసీజీ పుట్టగానే వేస్తారు. కాబట్టి ఆ మాట కాన్పు కాకముందే ఆసుపత్రిలో చెప్పాలి.

తమ్ముడికి ఏం చెప్పాం?

ఇవన్నీ ఆ రాత్రి మాట్లాడుకుని, తమ్ముడితో ఇంటికి ఫోన్ చేయించాం. కిడ్నీ మార్చిన ఆసుపత్రికి వెళ్ళి అడగమన్నాం. అక్కడి డాక్టరు చెప్పినదీ ఇదే. పాపకు పోలియో చుక్కల బదులు సూది మందు వేయించండి, మిగతా టీకాలు ఏవీ మానొద్దు, తట్టు టీకా రెండో డోసు వెంటనే వేయించండి అని చీటీ రాసిచ్చాడు.

మన ఇళ్ళలో ఇలాంటి వారు ఇంకెందరో ఉంటారు. అందుకే నాలుగు మాటలు.

ఇంట్లో కిడ్నీ మార్పిడి అయినవారు, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారు, పెద్ద మోతాదు స్టెరాయిడ్లు వాడేవారు, హెచ్ఐవీ ఉన్నవారు, పుట్టుకతో యాంటీబాడీల లోపం ఉన్నవారు ఉంటే, బిడ్డకు టీకా వేసే ముందు ఆ సంగతి నర్సమ్మకు, డాక్టరుకు చెప్పండి. నలుగురిలో చెప్పడం ఇష్టం లేకపోతే డాక్టరుకు ఒక్కరికే చెప్పండి. షుగర్, బీపీ ఉన్నంత మాత్రాన పిల్లల టీకాలకు అడ్డం లేదు.

పల్స్ పోలియో ఆదివారం ఇంటికి వచ్చే ఆశా కార్యకర్తతో గొడవ పడొద్దు. డాక్టరు చీటీ చూపించండి. ఆమె తన పని తాను చేస్తోంది.

తెలియక చుక్కలు వేయించేసి ఉంటే కంగారు పడొద్దు. నాలుగు నుంచి ఆరు వారాలు బిడ్డ మలం శుభ్రం చేయడం, నోట్లో పెట్టుకున్న చెంచా, గ్లాసు పంచుకోవడం ఆ మనిషి మానుకోవాలి. సబ్బుతో చేతులు కడుక్కోవాలి. డాక్టరుకు చెప్పాలి.

సెలవు మీద ఇంటికి వెళ్ళే మనం కూడా ఆ ఇంటి మనుషులమే. పది మంది ఒక గదిలో ఉండి, విమానంలో దగ్గులు తుమ్ముల మధ్య వెళ్తాం. జ్వరం, దగ్గు ఉంటే తగ్గేదాకా ఆ మనిషికి దూరంగా ఉందాం. ఫ్లూ సూది మందు చంపిన వైరస్‌దే. వెళ్ళేముందు వేయించుకుంటే ఇంటికి మేలు.

మొన్న ఆదివారం రాత్రి డ్యూటీ నుంచి వచ్చాక తమ్ముడు మళ్ళీ మా గదికి వచ్చాడు. "అన్నా, పాపకు రెండు సూదులూ ఏసిండ్రు. మస్తు ఏడ్చిందట. ఇప్పుడు వాళ్ళమ్మ పక్కలనే పండుకున్నది" అన్నాడు. రాజమండ్రి పెద్దాయన, నిజామాబాద్ డ్రైవరన్న ఇద్దరూ ఫోన్లో పాప ఫోటో చూశారు. ఎవరు గెలిచారని ఎవరూ అడగలేదు.